రిపోర్టులు బాగున్నాయి, మరి మనిషి ఎందుకు బాగోలేదు?

ఈ మధ్య ఒకాయన భార్యను తీసుకుని నా దగ్గర కౌన్సెలింగ్‌కి వచ్చారు. "జబ్బు పోయిందన్నారండీ, రిపోర్టులన్నీ బాగున్నాయి. ఈవిడేమో మంచం దిగదు" అన్నారు. ఆవిడకి రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ అయ్యి ఏడు నెలలు.

"అమ్మా, ఇదివరకు పొద్దున్నే లేచి ఏం చేసేవారు?" అని అడిగాను. "ముగ్గు వేసేదాన్ని" అని ఏడ్చేశారు.

విషయం ఏంటంటే, పాక్లిటాక్సెల్ లాంటి కీమో మందులు నరాల చివర్లని దెబ్బతీస్తాయి. వేళ్లు తిమ్మిరి. ముగ్గు పిండి వేళ్ల మధ్య ఎంత పట్టామో, ఎంత జారుతోందో తెలియదు. గీత తెగిపోతుంది. నాలుగు రోజులు చూసి మానేశారు. వాకిట్లోకి రావడం మానేస్తే ఎదురింటావిడతో మాటలు పోయాయి. ఆ తర్వాత గుడి. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే "నువ్వు లేవకు, మేం చేస్తాం" అన్నారు. అలా ఒక్కో పనీ చేతిలోంచి పోయింది.

ఒంట్లో బాధ ఉంది కాబట్టి దిగులు వచ్చిందని మనం నేరుగా కలిపేస్తాం. మధ్యలో ఇంకొకటుంది: ఆ బాధ వల్ల మనం మానేసిన పనులు. గెయిల్ విలియమ్సన్, రిచర్డ్ షుల్జ్ అనే అమెరికన్ పరిశోధకులు 1990ల్లో దీని మీదే పనిచేశారు. నొప్పి ఎంత ఉందన్నదే కాదు, ఆ నొప్పి మన రోజులోంచి ఏం తీసుకుపోయిందో కూడా చూడాలి.

అలాగని అంతా మనసులోనే ఉందని తేల్చేయకండి. నాకు ఒళ్లుమండేది ఆ మాటకే! క్యాన్సర్ నీరసం మామూలు అలసట కాదు, పడుకుని లేచినా పోదు. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. మెడకి రేడియేషన్ తీసుకున్నవాళ్లకి థైరాయిడ్ తగ్గొచ్చు.

ఇక్కడే ఒక చిక్కు. డిప్రెషన్‌కి వాడే పీహెచ్‌క్యూ-9లో 9 ప్రశ్నలుంటాయి. అందులో నిద్ర, నీరసం, ఆకలి కూడా ఉన్నాయి. ఇవి కీమో వల్ల కూడా పాడవుతాయి కదా? అందుకని నేను మొదటి రెండు ప్రశ్నల మీద ఎక్కువసేపు ఆగుతాను. గత 2 వారాల్లో ఏ పని మీదైనా ఆసక్తి ఉందా? మనసు దిగులుగా ఉందా? ఆవిడ రెండింటికీ "దాదాపు రోజూ ఇంతే" అన్నారు. సైకియాట్రిస్ట్ దగ్గరకు పంపాను.

ఒక జాగ్రత్త. టామోక్సిఫెన్ వేసుకునేవాళ్లు ఆ సంగతి సైకియాట్రిస్ట్‌కి తప్పకుండా చెప్పండి. పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్ లాంటివి దాని పనికి అడ్డొస్తాయి. వేరే మందులున్నాయి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు.

ఇక నడక. 2019లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ నిపుణులు వారానికి 3 సార్లు, 30 నిమిషాల చొప్పున ఓ మోస్తరు వ్యాయామం నీరసానికీ దిగులుకీ సాయం చేస్తుందని చెప్పారు. ఓ మోస్తరు అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మొదటిరోజే 30 నిమిషాలు వద్దు, వీధి చివరిదాకా చాలు. కాళ్లు తిమ్మిరిగా ఉంటే చెప్పుల్లేకుండా నడవకండి. జబ్బు ఎముకలకి పాకినవాళ్లు, ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్లు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టండి.

ఆవిడకి మందులతో పాటు ఒక చిన్న పని పెట్టాం. పిండి బదులు సుద్దముక్క, నాలుగు చుక్కల ముగ్గు, రోజు మార్చి రోజు. ఓపిక ఉన్నా లేకపోయినా ఆ రోజుకి ఆ పని. "వంగితే చెయ్యి వాస్తుందేమోనని నేనే వద్దన్నానండీ" అని భర్త తలొంచుకున్నారు. చంకలో గడ్డలు తీసినవాళ్లకి వాపు భయం నిజమే. కానీ చేతిని అసలు కదపకుండా ఉంచడం దానికి మందు కాదు, ఫిజియోథెరపిస్ట్ చెప్పినట్టు మెల్లగా వాడాలి.

మూడు వారాలకి మళ్లీ వచ్చారు. తిమ్మిరి అలాగే ఉంది. ముగ్గు వంకరగానే వస్తోందట. ఎదురింటావిడ వచ్చి సరిచేస్తోందని కాస్త కోపంగా చెప్పారు. ఆ కోపం చూసి నాకు సంతోషమేసింది.

మీ ఇంట్లో ఎవరైనా "బతికి ఏం లాభం" అంటే మాత్రం మూడు వారాలు ఆగకండి, ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి. టెలి మానస్ నంబర్ 14416, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

నిద్ర గురించి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటానండి.