లెక్కకెక్కని బతుకు, లెక్కకెక్కని చావు

హుస్నాబాద్‌లో ఎల్లమ్మ చెరువు ఉంది. ఎల్లమ్మ గుడి ఉంది. బోనమెత్తుకుని వచ్చే ఆడవాళ్ళందరికీ ఎల్లమ్మ కథ తెలుసు. రేణుక అనే ఇల్లాలిని భర్త అనుమానించాడు. నరకమని కొడుకును ఆజ్ఞాపించాడు. కొడుకు నరికాడు. ఆ తర్వాతే ఆమె దేవత అయింది. భూస్వామ్య సమాజం తన ఆడదానికి ఇచ్చిన గౌరవమంతా ఈ కథలో ఉంది. బతికి ఉండగా అనుమానం, చచ్చిన తర్వాత మొక్కు.

అదే హుస్నాబాద్ దగ్గర మహమ్మదాపూర్ గుట్టల్లో 1948 మార్చి 14న అనభేరి ప్రభాకర్ రావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వారి సహచరులు నిజాం సాయుధ బలగాలతో పోరాడుతూ అమరులయ్యారు. వారి పేర్లు మనకు తెలుసు. తెలియవలసినవే. కాని తెలంగాణ పల్లెల్లో దళాలు తిన్న గట్క వండినవాళ్ళు, చీకట్లో నీళ్ళు మోసినవాళ్ళు, పోలీసులొచ్చి అడిగితే దెబ్బలు తిని నోరు మూసుకున్నవాళ్ళు ఎవరు? ఎలా బతికారు? ఎలా చచ్చిపోయారు? ఈ ప్రశ్న వేసుకోకుండా పల్లె స్త్రీ గురించి మనం రాసేదంతా అయితే జాలికథ అవుతుంది, లేకపోతే జేజేలు అవుతుంది.

ముందు ఆమె బతుకు చూద్దాం. నిజాం కాలంలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల్లో పుట్టిన ఆడపిల్లకు కులం వృత్తినే కాదు, వెట్టిని కూడా నిర్ణయించేది. చాకలి ఇంట్లో పుడితే గడీ బట్టలు ఉతకాలి. దొర ఇంటికి చుట్టాలొస్తే వాళ్ళ చాకిరీ చెయ్యాలి. ఏ కులమైనా పేదింటి ఆడది దొర వడ్లు దంచాలి, పిండి విసరాలి, గడీ అలకాలి. దొర పొలంలో నాటు పడిన తర్వాతే తమ మడిలోకి దిగాలి. చెరువు నీళ్ళు కూడా దొర పొలానికి పారిన తర్వాతే రైతు పొలానికి. అదను దాటిన నాటుకు పంట తగ్గుతుంది. తగ్గిన పంటకు అప్పు, అప్పుకు నాగు. ఇల్లు గడవక మొగుడు జీతానికి కుదిరితే ఇల్లూ పొలమూ పిల్లలూ ఆమె మీదే పడేవి. ఇది ఆమె కర్మ కాదు. ఆమె పొద్దు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న.

అన్నిటికన్నా ఘోరమైనది ఆడబాప పద్ధతి. దొర తన బిడ్డకు పెళ్ళి చేసి అత్తవారింటికి పంపేటప్పుడు సొమ్ములతో పాటు ఒక పేదింటి పిల్లను కూడా పంపేవాడు. ఆ పిల్ల అక్కడే పని చెయ్యాలి, అక్కడి మగవాళ్ళ కోరిక తీర్చాలి, అక్కడే ముసలిదై పోవాలి. ఆమెకు పెళ్ళి లేదు, పుట్టింటికి తిరిగి వచ్చే దారి లేదు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన తెలంగాణ పోరాట చరిత్రలో వెట్టి రూపాలను కులం వారీగా వివరిస్తూ ఈ పద్ధతిని ప్రత్యేకంగా ప్రస్తావించాడు. ఒక మనిషిని సామానులా కట్నంలో కలిపి ఇవ్వగలిగిన వ్యవస్థను ‘పాత ఆచారం’ అని తేలికగా అనడం తప్పు. అది ఆస్తి సంబంధం.

ఇక చావు సంగతి. దేశం మొత్తం ఆరోగ్య పరిస్థితిని విచారించిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. బ్రిటిష్ ఇండియాలో పుట్టిన ఆడపిల్ల సగటు ఆయుర్దాయం సుమారు 27 ఏళ్ళని, ప్రతి 1000 కాన్పులకు 20 మంది దాకా తల్లులు చనిపోతున్నారని, ఏటా 2 లక్షల మంది తల్లులు ఇలా పోతున్నారని అందులో ఉంది. బ్రిటిష్ పాలిత ప్రాంతాల లెక్కే ఇది. నిజాం రాజ్యంలో గడీ కింద బతికిన కూలి స్త్రీ ఇంతకన్నా మెరుగ్గా ఉందనుకోవడానికి ఆధారమేమీ లేదు. ఒకామె అయిదారు కాన్పులు దాటాలంటే అయిదారు సార్లు ఈ గండం గడవాలి. నెలలు నిండినా వెట్టి తప్పదు. కాన్పయిన తర్వాత పచ్చిబాలింతగానే మళ్ళీ పనిలోకి దిగాలి. రక్తం లేని ఒంటికి గంజి తప్ప బలం లేదు. మంత్రసాని తనకు తెలిసినంత చేసేది. ఆమె చేతికి అందని కాన్పుకు దవాఖానా ఎక్కడో పట్నంలో ఉండేది.

ఇలా పోయిన స్త్రీకి ఊరు ఏమని పేరు పెట్టింది? ‘గాలి సోకింది’ అన్నది. ‘అమ్మవారు కన్నెర్ర చేసింది’ అన్నది. పురిటిలో పోయినామె దయ్యమై తిరుగుతుందని భయపడి పసిపిల్లల తల్లులు రక్షరేకులు కట్టుకున్నారు. జనాన్ని మూర్ఖులనడానికి ఈ మాటలు చెప్పడం లేదు. చావుకు అసలు కారణం పేరు పెట్టి చెప్పే చోటు ఊళ్ళో లేనప్పుడు నింద దేవత మీదికో దయ్యం మీదికో పోతుంది. చివరకు చచ్చిన మనిషి మీదికే పోతుంది. దొర మీదికి మాత్రం పోదు.

ఆ నింద దొర మీదికి మళ్ళిన ఘట్టం తెలంగాణ చరిత్రలో ఒకటి ఉంది. హుస్నాబాద్‌కు దక్షిణాన, పాత వరంగల్ జిల్లా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ అనే చిట్యాల ఐలమ్మ బతికింది. 1895లో పుట్టిందంటారు. చాకలి వృత్తి చేస్తూనే మల్లంపల్లి దొర దగ్గర భూమి కౌలుకు తీసుకుని సేద్యం చేసింది. విసునూరు దేశముఖ్ రాపాక రామచంద్రారెడ్డికి 40,000 ఎకరాలున్నాయని సుందరయ్య రాశాడు. అంతటి భూస్వామికి ఐలమ్మ కౌలు మడితో ఏం పని? పని ఉంది. చాకలామె సొంతంగా పంట పండించుకుంటే రేపు వెట్టికి ఎవరొస్తారు? తన పొలం పని ఆపి తమ పొలానికి రమ్మన్నప్పుడు ఆమె రానన్నది. గొడవ అక్కడ మొదలైంది. అప్పటికే ఆంధ్ర మహాసభ మారిపోతున్నది. 1944లో భువనగిరి మహాసభ సభ్యత్వ రుసుమును ఒక అణాకు తగ్గించడంతో పేదలకు తలుపు తెరుచుకుంది. ఊళ్ళలో అది ‘సంఘం’ అయింది. ఐలమ్మ కుటుంబం సంఘంలో చేరింది.

దేశముఖ్ కేసులు పెట్టించాడు. ఆ భూమి తనదేనన్నాడు. పంట కోసుకురమ్మని గూండాలనూ కూలీలనూ పంపాడు. సంఘం కార్యకర్తలు గుత్పలతో ఎదురు నిలిచారు. వచ్చినవాళ్ళు పారిపోయారు. ధాన్యం ఐలమ్మ ఇంటికి చేరింది. దానికి ఆ కుటుంబం చెల్లించిన మూల్యం తక్కువ కాదు. అరెస్టులు, చిత్రహింసలు, ఇంటికి నిప్పు. కాని కల్లం దగ్గర ఒకసారి గెలిచిన వార్త చుట్టూ ఉన్న ఊళ్ళకు పాకింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక ఆ నిప్పు దావానలమైంది.

ఈ కథ మనందరికీ తెలుసు. అయితే మనం ఎక్కడ ఆపుతున్నామో గమనించాలి. కల్లం దగ్గర ఆపుతున్నాం. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. ఐలమ్మ మాత్రం 1985 సెప్టెంబర్ 10 వరకు బతికింది. పోరాటం ముగిసిన తర్వాతి 34 ఏళ్ళ ఆమె జీవితం మన పాటల్లో లేదు, నాటకాల్లో లేదు. పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి స్త్రీశక్తి సంఘటన వెళ్ళి కూర్చుని, వాళ్ళ మాటల్లోనే వాళ్ళ అనుభవాలు వినే దాకా ఆ ఖాళీ మనకు ఖాళీగా కూడా కనిపించలేదు. 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ విలువ అక్కడ ఉంది. పోరాటం అయిపోయాక ఇంటికి పొమ్మన్నారనీ, ఇంట్లో పాత బతుకే ఎదురైందనీ అందులో చాలామంది స్త్రీలు చెప్పుకున్నారు. ఆ ఫిర్యాదు దొర మీద మాత్రమే కాదు. మన మీద కూడా.

2024లో హైదరాబాద్‌లోని మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. ఊరూరా విగ్రహాలున్నాయి. సంతోషమే. కాని విగ్రహం దగ్గర ఒక ప్రమాదం ఉంది. ఎల్లమ్మను దేవతను చేసి రేణుకను మరచిపోయినట్టే, వీరనారిని నిలబెట్టి బట్టలుతికిన ఐలమ్మను, కాన్పులు దాటిన ఐలమ్మను, ముసలితనంలోని ఐలమ్మను మరచిపోతాం. ఇంకో మాట. సగటు స్త్రీ ముప్ఫయ్యేళ్ళు దాటని కాలంలో పుట్టి 90 ఏళ్ళ దాకా బతికింది కాబట్టి ఐలమ్మ తన సంగతి తాను చెప్పగలిగింది. ఆమె ఈడు ఆడవాళ్ళలో ఎంతోమంది ఇరవయ్యో ఏటనే పురిటిమంచం మీద పోయారు. సాక్ష్యం చెప్పడానికి మిగలలేదు. మిగిలినవాళ్ళ మాటలతోనే చరిత్ర రాస్తే, పోయినవాళ్ళను రెండోసారి పోగొట్టుకుంటాం.

వెట్టి కూడా 1951తో ముగియలేదు. దేశవ్యాప్తంగా వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. అయినా 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రలో కరీంనగర్ పల్లెలు నడిచాయంటే వెట్టి, దొరతనం అక్కడ ఇంకా ఉన్నందువల్లనే. ఆ నెలల్లో గడీ పనికి పోమని మొండికేసిన ఆడవాళ్ళ తల్లులు, అమ్మమ్మలు ఐలమ్మ తరం వాళ్ళే.

కాబట్టి రచయితలు చెయ్యవలసిన పని స్పష్టం. ఇప్పుడు ఎనభై దాటిన ముసలమ్మలు హుస్నాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వాళ్ళను ‘పోరాటంలో ఏం చేశావు?’ అని ఒక్కటే అడగవద్దు. ఎన్ని కాన్పులు, ఎంతమంది పిల్లలు దక్కారు, ఎన్నో రోజున మళ్ళీ పనిలోకి దిగావు, మీ అమ్మ ఎట్లా పోయింది అని అడగాలి. చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ నుడికారంతోనే రాసుకోవాలి. బతుకమ్మ ఆటలో ఆడవాళ్ళు పాడుకునే అత్తింటి పాటలను భక్తి గీతాలుగా కాక సాక్ష్యాలుగా వినాలి. పల్లె స్త్రీ ఎలా బతికిందో, దేనివల్ల చచ్చిపోయిందో తేటతెల్లంగా చెప్పగలిగిన రోజున ఆమెను దేవతను చెయ్యవలసిన అవసరం ఎవరికీ ఉండదు.