కన్యాశుల్కం ఏ అరలో ఉండాలి?

గురజాడ అప్పారావు కన్యాశుల్కాన్ని రెండుసార్లు రాశారు. 1892లో విజయనగరంలో ప్రదర్శించి, 1897లో అచ్చు వేయించిన నాటకం ఒకటి. 1909లో వెలువడింది మరొకటి. రెండోదాన్ని మలికూర్పు అంటాం కానీ, ఆయన చేసింది చిన్నాచితకా దిద్దుబాటు కాదు. నాటకం బాగా పెరిగింది, మధురవాణి ముందుకొచ్చి నిలబడింది. ఇవాళ మనం చదివేది, ఆడేది, పరీక్షల్లో రాసేది అంతా 1909 నాటి కన్యాశుల్కమే. మరి ఇవి రెండు నాటకాలా, ఒకే నాటకమా? విమర్శకుడైతే దీని మీద యాభై పేజీలు రాసి, చివరికి తేల్చకుండా వదిలేసినా అడిగేవాళ్లుండరు. గ్రంథాలయంలో వర్గీకరణ చేసే మనిషికి ఆ వెసులుబాటు లేదు. పుస్తకం చేతికొచ్చాక దాని వీపున చీటీ అంటించాలి, చీటీ మీద ఒక సంఖ్య వేయాలి, తీసుకెళ్లి ఒక అరలో పెట్టాలి.

గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ‘ఇఫ్లా’ 1998లో ఒక నివేదిక ప్రచురించింది. దాని పూర్తి పేరు పలకడానికి ఊపిరి చాలదు కాబట్టి లైబ్రేరియన్లు ఎఫ్‌ఆర్‌బీఆర్ అనే పొడి అక్షరాలతో సరిపెట్టుకుంటారు. కేటలాగులో మనం వర్ణిస్తున్నది అసలు దేన్ని అని అడిగి, దానికి నాలుగు అంచెలుగా జవాబు చెప్పిన నమూనా అది. ఆ అంచెలను తెలుగులో కృతి, పాఠం, ముద్రణ, ప్రతి అనుకుంటే మన పని జరిగిపోతుంది.

కన్యాశుల్కం అనే సృష్టి కృతి. అది ఎవరి చేతికీ చిక్కదు. ఆ సృష్టి ఫలానా మాటల వరుసగా తయారైతే అది పాఠం: 1897 నాటిది ఒక పాఠం, 1909 నాటిది ఒకటి, వెల్చేరు నారాయణరావు ‘గర్ల్స్ ఫర్ సేల్’ పేరుతో 2007లో వెలువరించిన ఇంగ్లిష్ అనువాదం ఇంకొకటి. ఒక పాఠాన్ని ఒక ప్రచురణకర్త ఫలానా సంవత్సరంలో, ఫలానా సైజులో వేస్తే ముద్రణ. ఆ ముద్రణలో మీ ఊరి గ్రంథాలయం కొని, యాక్సెషన్ నంబరు వేసి, ముద్ర గుద్దినది ప్రతి. పేజీలు చినిగేది ప్రతికి. ఐఎస్‌బీఎన్ ఉండేది ముద్రణకు. అనువాదకుడి పేరు పాఠానిది. గురజాడ పేరు కృతిది.

కేటలాగుకు దీనివల్ల మేలే జరిగింది. కన్యాశుల్కం అని వెతికితే పదుల కొద్దీ ముద్రణలు ఒకదాని కింద ఒకటి చిందరవందరగా రాకుండా, ఒకే కృతి కింద పాఠాలవారీగా పేర్చి చూపించే వీలు వచ్చింది. వర్గీకరణ సంగతికి వచ్చేసరికే చిక్కంతా. పుస్తకం దేని గురించి అనే ప్రశ్నకు జవాబు కృతి అంచెలో ఉంటుంది. ఆ నమూనా విషయ సంబంధాన్ని కృతికే కట్టింది. దాన్నుంచి పుట్టిన వర్గ సంఖ్య మాత్రం చీటీగా మారి ప్రతికి అతుక్కుంటుంది. కంటికి కనపడని పై అంచె గుణాన్ని తెచ్చి, చేతికి తగిలే అట్టమీద అంటిస్తున్నామన్నమాట. కృతికి పది సంబంధాలుండొచ్చు. ప్రతికి ఉండేది ఒక్క చోటే.

డ్యూయీ దశాంశ వర్గీకరణ ఈ చిక్కును ఎలా దాటుతుందో చూడండి. అందులో తెలుగు సాహిత్యం 894.827. నాటకానికి 2 చేరిస్తే 894.8272. అనువాదమైనా మూలభాష సంఖ్యే వేయాలన్నది నియమం కాబట్టి ఇంగ్లిష్ ‘గర్ల్స్ ఫర్ సేల్’ కూడా ఇక్కడికే వస్తుంది. కన్యాశుల్కం మీద రాసిన విమర్శ గ్రంథమూ ఇక్కడికే. ఇఫ్లా లెక్కలో ఆ విమర్శ వేరే కృతి, నాటకం దానికి విషయం. డ్యూయీ ఆ తేడా పట్టించుకోకుండా రెండింటినీ భుజం భుజం ఆనించి నిలబెడుతుంది. పాఠకుడికి అదే సుఖం, నిజానికి. ఎన్.టి.రామారావు గిరీశంగా, సావిత్రి మధురవాణిగా నటించిన 1955 నాటి సినిమా మాత్రం 791.43కు, అంటే సినిమాల అరకు పోతుంది. సినిమా వేరే కృతి అనడంలో ఇఫ్లాకూ డ్యూయీకీ పేచీ లేదు.

సంఖ్య కింద రచయిత ఇంటిపేరులోంచి మూడక్షరాలు రాసే అలవాటు మన గ్రంథాలయాల్లో కనిపిస్తుంది. చూడ్డానికి అల్పమైన పని. తెలుగు నాటకాలన్నిటికీ ఒకే సంఖ్య పడినచోట గురజాడ పుస్తకాలు చెదిరిపోకుండా పట్టి ఉంచేది ఆ మూడక్షరాలే. వర్గ సంఖ్య విషయం దగ్గర ఆగిపోతుంది. ఒక కృతి తాలూకు ముద్రణలను ఒకచోట చేర్చే భారం ఈ అక్షరాల మీద పడుతుంది.

ఎస్.ఆర్.రంగనాథన్ దారి వేరు. కన్యాశుల్కం తొలిసారి రంగస్థలమెక్కిన 1892లోనే పుట్టిన మనిషి. లెక్కల పంతులుగా ఉండి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యారు. 1933లో కోలన్ వర్గీకరణ ప్రచురించారు. ఆ పద్ధతిలో కన్యాశుల్కానికి సంఖ్య కడదాం. సాహిత్యానికి ‘ఓ’, తెలుగుకు 35, నాటకానికి 2. ఆపైన రచయిత పేరు రాయరు, పుట్టిన సంవత్సరం రాస్తారు. పద్దెనిమిది వందలకు ‘ఎం’ గుర్తు కాబట్టి 1862లో పుట్టిన గురజాడ ‘ఎం62’ అవుతారు. మొత్తం: ఓ35,2ఎం62. (గురజాడ పుట్టింది 1861లోనన్న వాదమూ ఉంది. అది నెగ్గితే చీటీలన్నీ మార్చాలి. జీవితచరిత్రకారుల తగాదా అర దాకా రావడం ఈ పద్ధతిలోనే చూస్తాం.) దీని తర్వాత ఆయన రచనల్లో ఇది ఏది అని తెలిపే అంకె వస్తుంది. అక్కడికి వర్గ సంఖ్య కృతి దాకా చేరినట్టే.

ఆ కింద పుస్తక సంఖ్య ఉంటుంది. అందులో మొదట భాష, తర్వాత అచ్చయిన సంవత్సరం. సంవత్సరాలకు ఇక్కడ వేరే పట్టిక: 1890ల దశకానికి ‘సి’, 1900ల దశకానికి ‘డి’. కాబట్టి 1897 ముద్రణకు సి7, 1909 ముద్రణకు డి9. గ్రంథాలయంలో రెండో ప్రతి ఉంటే సెమీకోలన్ పెట్టి 1 అంకె వేస్తారు. ఇప్పుడు మొత్తం వరుసను మళ్లీ చూస్తే, వర్గ సంఖ్యలో కృతి, భాష గుర్తులో పాఠం, సంవత్సరంలో ముద్రణ, సెమీకోలన్ పక్క అంకెలో ప్రతి. ఇఫ్లా నాలుగంచెలు కట్టడానికి ఆరు దశాబ్దాలకు ముందే అవి ఒక చీటీ మీద వరుసగా నిలబడి ఉన్నాయి. ఇది కాకతాళీయం అనుకోను. పుస్తకానికి ఆత్మ, సూక్ష్మ శరీరం, స్థూల శరీరం ఉంటాయని రంగనాథన్ చెప్పేవారు: భావం ఆత్మ, దాన్ని మోసే భాష సూక్ష్మ శరీరం, కాగితమూ అట్టా స్థూల శరీరం. వేదాంతం పరిచయమున్నవాడికి ఇది వింత ఊహేమీ కాదు.

అలాగని రంగనాథన్ చీటీ అన్నీ చెబుతుందనుకుంటే పొరపాటు. మొదటి కన్యాశుల్కాన్ని మరుగున పడనీయకుండా పరిశోధకుడు బంగోరె చాలా ఏళ్ల తర్వాత మళ్లీ వెలికి తెచ్చారు. అందులోని పాఠం పాతది, ముద్రణ కొత్తది. చీటీ మీద పడేది ముద్రణ సంవత్సరమే కనుక అది 1909 నాటి పుస్తకం తర్వాత నిలబడుతుంది. రెండూ తెలుగే కాబట్టి భాష గుర్తు ఆదుకోదు. పాఠం అనే అంచెను భాషతో మాత్రమే కొలిస్తే, ఒకే భాషలోని రెండు పాఠాలు చేతుల్లోంచి జారిపోతాయి. పైగా కృతిదాకా చేరే ఈ సొగసంతా సాహిత్యానికీ, ప్రాచీన గ్రంథాలకూ పరిమితం. వరి సాగు మీద నలుగురు నాలుగు పుస్తకాలు రాస్తే నలుగురికీ ఒకే వర్గ సంఖ్య. ఆ తర్వాత వరుస సంవత్సరాన్ని బట్టి. ఒకే రచయిత పుస్తకం రెండో కూర్పు తొలి కూర్పుకు దూరంగా, మధ్యలో వేరేవాళ్ల పుస్తకాలను పెట్టుకుని కూర్చుంటుంది. డ్యూయీ చీటీ మీది మూడక్షరాలే ఇక్కడ నయం.

అసలు పరీక్ష భారతం దగ్గర. డ్యూయీలో మహాభారతం మతగ్రంథాల వైపు ఉంది, 294.5923. రామాయణం 294.5922. మరి పదకొండో శతాబ్దంలో నన్నయ మొదలుపెట్టి, తిక్కన, ఎర్రన పూర్తి చేసిన ఆంధ్ర మహాభారతం ఎక్కడికి పోవాలి? ఇఫ్లా నియమం తేలిగ్గానే కనిపిస్తుంది: అనువాదమైతే అదే కృతికి మరో పాఠం, స్వేచ్ఛగా తిరగరాస్తే కొత్త కృతి. అనువాదమంటే వ్యాసుడి వెంట 294.5923కి పంపాలి. కొత్త కృతి అంటే తెలుగు కవిత్వం, 894.8271. తిక్కన పద్యం కోసం వచ్చిన విద్యార్థి ఒక అరకు వెళితే పుస్తకం మరో అరలో ఉంటుంది. ఆదిపర్వం ఒకచోటా విరాటపర్వం ఇంకోచోటా ఉంటే ఆ అవస్థ చెప్పనలవి కాదు. కవిత్రయాన్ని అనువాదకులుగా లెక్కగట్టి మతం అరలో పెట్టడం నాకు మింగుడుపడదు. మొల్ల రామాయణం, రంగనాథ రామాయణం, విశ్వనాథ కల్పవృక్షం కూడా తెలుగు కవిత్వంలోనే ఉండాలి. మూలంతో వాటి చుట్టరికాన్ని కేటలాగు చూసుకోవాలి. మూల శ్లోకం వేసి, ప్రతిపదార్థం, తాత్పర్యం ఇచ్చే పుస్తకం సంగతి వేరు. దాన్ని తెరిచేది వాల్మీకి కోసం. అది 294.5922 దగ్గరే ఉండనివ్వండి.

ఇక్కడ ఒక ఆచరణ సంగతి. ఒకే పుస్తకానికి వేర్వేరు గ్రంథాలయాలు వేర్వేరు సంఖ్యలు వేసుకోవడం ఎంత మామూలో, అమెరికాలోని ఓసీఎల్‌సీ సంస్థ ‘క్లాసిఫై’ పేరుతో నడిపిన ప్రయోగాత్మక సేవ చూపించింది. ఒక కృతికి చెందిన ముద్రణల రికార్డులన్నిటినీ ఒకచోట పోగేసి, వాటికి ఎక్కువ గ్రంథాలయాలు ఏ సంఖ్య వేశాయో అది చెప్పేది. సంఖ్యను ముద్రణ నుంచి పైకి తీసి కృతికి కట్టడమంటే ఇదే. చిన్న గ్రంథాలయాలకు పనికొచ్చే పని. తర్వాత దాన్ని నిలిపేశారు.

2017లో ఇఫ్లా తన పాత నమూనాలన్నిటినీ కలిపి ఎల్‌ఆర్‌ఎం అనే ఒకే నమూనా చేసింది. నాలుగంచెలు అలాగే ఉన్నాయి. వర్గీకరణకు అందులో దొరికే సాయం మరొకటి: వస్తువు వేరు, దాన్ని పిలిచే పేరు వేరు అని విడదీయడం. ఆ లెక్కన 894.827 అనేది తెలుగు సాహిత్యానికి డ్యూయీ పెట్టిన పేరు. ఓ35 అనేది అదే సాహిత్యానికి రంగనాథన్ పెట్టిన పేరు. సంఖ్యను విషయమే అనుకోకుండా విషయానికి ఒక పేరుగా చూస్తే, పేరు ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని అడగక తప్పదు. ఎందుకంటే డ్యూయీ పట్టిక కూడా ఒక కృతే. 1876లో 44 పేజీల పుస్తకంగా బయటికొచ్చి, 2011 నాటికి 23వ కూర్పుకు, నాలుగు సంపుటాలకు చేరింది. దానికీ పాఠాలున్నాయి, అనువాదాలున్నాయి. 1985లో కంప్యూటర్లకు సంబంధించిన విషయాలను 001.6 నుంచి 004, 005, 006లకు మార్చారు. అంతకుముందు కొన్న కంప్యూటర్ పుస్తకాలు పాత సంఖ్యతోనూ, తర్వాత కొన్నవి కొత్త సంఖ్యతోనూ ఒకే గదిలో రెండు మూలల్లో ఉండిపోయిన గ్రంథాలయాలు లేకపోలేదు. చీటీలు పీకి మళ్లీ అంటించే ఓపిక, సిబ్బంది ఎవరికుంటాయి?

కంప్యూటర్ కేటలాగులో వాడే మార్క్ రికార్డులో దీనికి ఒక చిన్న గడి ఉంది. 082 అనే క్షేత్రంలో డ్యూయీ సంఖ్య రాస్తారు. దాని పక్కనే, అది ఎన్నో కూర్పులోని సంఖ్యో రాసే ఉపక్షేత్రం ఉంటుంది. 23 అని కొడితే సరి. 240 క్షేత్రంలో కృతికి ఒక స్థిరమైన పేరు రాసుకునే వీలుంది, ముద్రణల మీద పేరు ఎలా అచ్చయినా సరే. ఈ రెండూ ఖాళీగా వదిలిన రికార్డులో కృతి ఏదో, సంఖ్య ఎవరిదో యంత్రానికి తెలిసే దారి లేదు. కార్డుల నుంచి కంప్యూటర్‌కు మారుస్తున్న గ్రంథాలయం ఈ రెండు గడులూ మొదటి రోజు నుంచే నింపడం మేలు. పాత చీటీలు అరల్లో అలాగే ఉన్నా పర్వాలేదు.