కొత్త మడిలో నారు



వరినాట్లు మీలో చాలామంది చూసే ఉంటారు. నారుమడిలో దట్టంగా, పచ్చగా పెరిగిన నారును పీకి, కట్టలు కట్టి, దమ్ము చేసిన పొలంలోకి తెచ్చి నాటుతారు. నాలుగు రోజులయ్యాక ఆ పొలం గట్టు మీద నిలబడి చూడండి. నారుమడిలోని పచ్చదనం కనిపించదు. మొక్కలు వాలిపోయి, ఆకులు పసుపురంగుకు తిరిగి ఉంటాయి. వ్యవసాయం తెలియనివాడు చూస్తే "అయ్యో, పైరు పోయింది" అనుకొంటాడు. రైతు మాత్రం కంగారుపడడు.

ఎందుకంటే, అలా ఎందుకు జరిగిందో ఆయనకు తెలుసు. నారు పీకేటప్పుడు సన్నని వేళ్ళు చాలావరకు తెగిపోతాయి. వేళ్ళు తగ్గితే మొక్క పీల్చే నీరూ తగ్గుతుంది. ఆకుల నుంచి నీరు ఆవిరైపోవడం మాత్రం ఆగదు. అందుకే ఆ వాడుమొగం. వారం పది రోజుల్లో కొత్త వేళ్ళు పుట్టి మట్టిని పట్టుకొంటాయి. పైరు మళ్ళీ పచ్చబడుతుంది. దీన్నే రైతులు 'మూన తిరగడం' అంటారు.

బడిలో చదువుకొనే మీరు కూడా ఒకనాడు ఇలా నారుమడి విడిచి వెళ్ళవలసినవారే. పదవ తరగతి కాగానే ఇంటర్మీడియట్, ఆ తరువాత డిగ్రీ, ఆపైన విశ్వవిద్యాలయం. కొత్త ఊరు, హాస్టలు గది, పేరు పెట్టి పిలవని ఉపాధ్యాయులు, చాలామందికి కొత్త మాధ్యమం. ఆ మొదటి నెలల్లో మనస్సులో ఏం జరుగుతుందో ముందే తెలుసుకొంటే మీరు కంగారుపడరు. అందుకే ఈ వ్యాసం.

నేను చేసిన పొరపాటు

దాదాపు ఇరవై ఏళ్ళ క్రిందట నా దగ్గర చదువుకొన్న ఒక కుర్రవాడు డిగ్రీలో చేరి, దసరా సెలవులకు ఇంటికి వచ్చాడు. "మేష్టారూ, పాఠాలు నా బుర్రకు ఎక్కడం లేదు. ఇక వెళ్ళను" అన్నాడు. "కష్టపడి చదవరా, అదే వస్తుంది" అన్నాను నేను. అంతకు మించి ఏమీ చెప్పలేదు. వాడు తిరిగి కళాశాలకు వెళ్ళలేదు. లెక్కల్లో నాకంటే చురుకైనవాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

చాలా ఏళ్ళ తరువాత మరో విద్యార్థి సరిగ్గా అదే మాటతో వచ్చాడు. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఇంగ్లీషు మాధ్యమంలో డిగ్రీ చేరినవాడు. ఈసారి నేను సలహా చెప్పలేదు. "నీ నోటుపుస్తకం పట్టుకురా" అన్నాను. భౌతికశాస్త్రం పాఠం తెరిచాను. "రేట్ ఆఫ్ ఛేంజ్ ఆఫ్" అని రాసి ఉంది. ఆ తరువాత ఖాళీ. మళ్ళీ "ప్రపోర్షనల్" అని సగం మాట. మళ్ళీ ఖాళీ.

"న్యూటన్ రెండవ గమన నియమం చెప్పరా" అన్నాను.

"ద్రవ్యవేగంలో మార్పు రేటు, ప్రయోగించిన బలానికి అనులోమానుపాతంలో ఉంటుంది" అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

చూశారా! ఆ రోజు తరగతిలో చెప్పినది ఆ నియమమే. వాడికి బాగా తెలిసినదే. అయినా పుస్తకంలో ఖాళీలు మిగిలాయి. తెలిసిన విషయం తెలియనట్లు ఎందుకయింది?

ఒక చిన్న ప్రయోగం

ఈ ప్రశ్నకు జవాబు మీరే కనుక్కోవచ్చు. ఈ అంకెలను సెకనుకు ఒకటి చొప్పున మీ స్నేహితునికి చదివి వినిపించి, తిరిగి అదే వరుసలో చెప్పమనండి:

1 5 0 8 1 9 4 7 2 6 0 1 1 9 5 0

మధ్యలోనే తడబడతాడు. ఇప్పుడు వాటినే ఇలా చదవండి: 15-08-1947, 26-01-1950. స్వాతంత్ర్యం వచ్చిన రోజు, గణతంత్రం ఏర్పడిన రోజు! పదహారు అంకెలూ ఒక్క తప్పు లేకుండా అప్పజెబుతాడు. అంకెలు మారలేదు, బుర్రా మారలేదు. పదహారు విడి ముక్కలు రెండు తెలిసిన ముక్కలయ్యాయి. అంతే తేడా.

విన్నదాన్ని ఆ క్షణానికి పట్టి ఉంచే తాత్కాలిక జ్ఞాపకం మనందరిలో చాలా ఇరుకైనది. అందులో ఏడు ముక్కలు, అటూ ఇటూ రెండు పడతాయని అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జి మిల్లర్ 1956లో రాశాడు. ముక్కలను జతపరచుకొనే వీలు లేకుండా చేస్తే నాలుగుకు మించి పట్టవని నెల్సన్ కోవన్ 2001లో చూపాడు. ఎంత తెలివైనవారికైనా ఈ గది ఇరుకే.

మా విద్యార్థి విషయంలో జరిగినది ఇదే. 'ద్రవ్యవేగం' వాడికి ఒక తెలిసిన ముక్క. 'మొమెంటమ్' కొత్త మాట. దాని అర్థం వెతుక్కొనేలోగా అధ్యాపకుడు మరో రెండు వాక్యాలు దాటిపోయాడు. గది నిండిపోయింది, వెనక వచ్చినవి బయటే పడిపోయాయి. ఇది తెలివి తక్కువతనం కానే కాదు. మాటలు కుదురుకొనేదాకా ఉండే ఇబ్బంది.

దీనికి మందు కూడా మాటల్లోనే ఉంది. హైడ్రోజన్‌ను మన పాత పుస్తకాల్లో 'ఉదజని' అన్నారు. గ్రీకులో 'హైడ్రో' అంటే నీరు, 'జెన్' అంటే పుట్టించేది. మన 'ఉద' అంటే నీరే, 'జని' అంటే పుట్టుకే. 'ఐసో' అంటే సమానం, 'టోపోస్' అంటే స్థానం, కనుక ఐసోటోపు 'సమస్థానీయం' అయింది. 'ఫోటో' అంటే కాంతి, 'సింథసిస్' అంటే కలయిక. మీకు తెలిసిన కిరణజన్య సంయోగక్రియ అదే గదా! తెలుగులో శాస్త్రం చదివినవాడు ఆ ఇంగ్లీషు మాటల అర్థాన్ని ముందే మోసుకొని వెళుతున్నాడన్నమాట. కళాశాల చదువుకు తెలుగులో పుస్తకాలు తెచ్చేందుకు 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాలు కూడా ప్రచురించింది. గ్రంథాలయంలో దొరికితే తప్పక చూడండి.

రేపు చెప్పబోయే పాఠంలో కొత్త మాటలు అయిదో ఆరో ఏరి, పక్కన తెలుగు మాట రాసుకొని, రెండుసార్లు పైకి పలికి తరగతికి వెళ్ళండి. ఇరుకు గదిలో అవి ఇక ఎక్కువ చోటు ఆక్రమించవు.

విన్నది ఎంతసేపు నిలుస్తుంది?

రెండవ చిక్కు మరపు. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల జట్లను తానే కంఠస్థం చేసి, కొంత కాలం గడిచాక మళ్ళీ నేర్చుకొనేవాడు. రెండవసారి ఎంత శ్రమ తగ్గిందో లెక్కకట్టేవాడు. ఫలితాలను 1885లో ప్రకటించాడు. గంట గడిచేసరికి సగానికి పైగా లాభం పోయింది. ఒక రోజుకు మూడో వంతు మిగిలింది. నెలకు అయిదో వంతు. అర్థమున్న పాఠం ఇంతకంటే ఎక్కువ కాలమే నిలుస్తుంది. కాని మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా మరచిపోవడం అనే తీరు మాత్రం ఒకటే.

బడిలో ఈ మరపు మీకు కనిపించదు. మర్నాడు మేము ప్రశ్నలడుగుతాం, నెలకో పరీక్ష పెడతాం, ఇంటిపని దిద్దుతాం. మీకు తెలియకుండానే పాఠం మళ్ళీ మళ్ళీ గుర్తుకు తెప్పిస్తాం. కళాశాలలో ఆ పని మీది. సెమిస్టరు నాలుగైదు నెలలే. మొదటి రెండు నెలలు "తరువాత చూసుకొందాం" అనుకొంటే కొండంత పోగుపడుతుంది.

మరి ఎలా గుర్తు చేసుకోవాలి? అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు 2006లో ఒక పరిశోధన ప్రకటించారు. కళాశాల విద్యార్థులకు చిన్న వ్యాసాలు ఇచ్చారు. ఒకసారి చదివాక కొందరు మళ్ళీ చదివారు. మరికొందరు మూసిపెట్టి, గుర్తున్నంత మేరకు కాగితం మీద రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారిదే పైచేయి. వారం తరువాత పరీక్షిస్తే వారికి నూటికి 42 పాళ్ళు గుర్తుంది, చూడకుండా రాసినవారికి 56 పాళ్ళు! చదివినదే చదువుతుంటే 'వచ్చేసింది' అనే భ్రమ కలుగుతుంది. నిజంగా వచ్చిందో లేదో మూసి రాసినప్పుడే తెలుస్తుంది.

అందుచేత పాఠం విన్న సాయంత్రమే పుస్తకం మూసి అర పేజీ రాయండి. ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనే రాయండి. తరువాత తెరిచి సరిచూసుకోండి. మూడు రోజులకు, వారానికి మళ్ళీ అలాగే చెయ్యండి.

ఒంటరి చదువు

మూడవ సంగతి మనం సాధారణంగా పట్టించుకోనిది. 1970ల మధ్యలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం కలనగణితంలో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా తప్పుతుండేవారు. అక్కడ పనిచేస్తున్న యూరీ ట్రీస్‌మన్ కారణమేమిటని అధ్యాపకులను అడిగాడు. పట్టుదల లేదనీ, ఇంట్లో ప్రోత్సాహం లేదనీ, పునాది బలహీనమనీ చెప్పారు. ట్రీస్‌మన్ ఆ మాటలతో తృప్తిపడక, నల్లజాతివారు ఇరవై మందిని, బాగా చదివే చైనా సంతతివారు ఇరవై మందిని ఎంచుకొని, వారు చదివేచోటికే వెళ్ళి గమనించాడు.

ఆ కారణాలేవీ నిలవలేదు. నల్లజాతి విద్యార్థులు శ్రద్ధగానే చదువుతున్నారు. కాని ఒంటరిగా చదువుతున్నారు. తమకు రాని లెక్క ఎవరికీ రాలేదని వారికి తెలియదు. చైనా సంతతి విద్యార్థులు మాత్రం విడిగా లెక్కలు చేసుకొని, తరువాత నలుగురూ కూర్చుని జవాబులు పోల్చుకొనేవారు, ఒకరినొకరు ప్రశ్నించుకొనేవారు. ట్రీస్‌మన్ కఠినమైన లెక్కలిచ్చి కలిసి చేసే బృందాలను ఏర్పాటుచేశాడు. వాటిలో చేరినవారి ఫలితాలు ఎంతో మెరుగుపడ్డాయి.

మన బడిపిల్లల్లో బాగా చదివేవారికి ఒంటరిగా చదవడమే అలవాటు. బడిలో మొదటి స్థానంలో ఉన్నవాడు కళాశాలలో "నాకు అర్థం కాలేదు" అనడానికి సిగ్గుపడతాడు. చుట్టూ ఉన్నవారంతా అర్థమైనట్లు తల ఊపుతారు. వారిలో సగం మంది ఇతణ్ణి చూసే ఊపుతుంటారని ఇతనికి తెలియదు!

'ఇది నా చోటు కాదు'

అన్నిటికంటే బరువైన ఆలోచన ఇది. వాల్టన్, కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2011లో ఒక పరిశోధన వెల్లడించారు. మొదటి సంవత్సరం విద్యార్థులకు పై తరగతులవారి అనుభవాలు చదవనిచ్చారు. 'మొదట్లో మాకూ ఇలాగే అనిపించింది, క్రమంగా పోయింది' అన్నదే వాటి సారాంశం. పట్టింది ఒక్క గంట. తరువాత మూడేళ్ళలో నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగాయి, తెల్లజాతివారితో ఉన్న తేడా సగానికి తగ్గింది. అంతకు ముందు ఒక్క తక్కువ మార్కు వస్తే "నేను ఇక్కడికి తగను" అనుకొనేవారు. ఇప్పుడు "ఇది అందరికీ వచ్చేదే" అనుకొని, అధ్యాపకుణ్ణి వెళ్ళి అడిగారు.

అయితే మాట ఒక్కటే చాలదు. 22 విద్యాసంస్థల్లో జరిపి 2023లో ప్రకటించిన పెద్ద పరిశీలనలో, విద్యార్థులను నిజంగా కలుపుకొనే అవకాశం ఉన్నచోటనే ఈ పద్ధతి ఫలించింది. నారు ఎంత మంచిదైనా మడిలో నీరుండాలి గదా! మన విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం కూడా 2019లో 'దీక్షారంభ్' పేరుతో కొత్త విద్యార్థులకు స్వాగత శిక్షణ ఎలా ఇవ్వాలో మార్గదర్శకాలు ఇచ్చింది. మీ కళాశాలలో అటువంటిది ఉంటే మానకండి. ర్యాగింగును మన రాష్ట్రంలో 1997లోనే చట్టం నేరంగా నిర్ణయించింది. భరించి ఊరుకోవద్దు. నిద్ర, ఆకలి లేక రోజుల తరబడి దిగులుగా ఉంటే ఇంట్లో చెప్పండి. ప్రభుత్వ టెలిమానస్ సంఖ్య 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ కుర్రవాడు ఏం చేశాడు?

సెలవులు ముగిసేలోగా మేమిద్దరం నూట ఇరవై మాటల చిన్న పుస్తకం తయారుచేశాం. ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు తెలుగు. హాస్టల్లో ఇద్దరు స్నేహితులను కలుపుకొని రాత్రి గంటసేపు ఒకరికొకరు పాఠం చెప్పుకోమన్నాను. అర్థం కానిచోట అధ్యాపకుణ్ణి రోజుకు ఒక్క ప్రశ్న అడగమన్నాను. మొదటి వారం అడగలేదట. రెండవ వారం అడిగాడు. ఆయన విసుక్కోలేదు సరికదా, మర్నాటి నుంచి కఠినమైన మాటలు బోర్డు మీద రాయడం మొదలుపెట్టాడు.

మొదటి సెమిస్టరులో ఒక పేపరు పోయింది. తరువాత దాన్ని పూర్తిచేశాడు. డిగ్రీ అయ్యింది, ఎమ్మెస్సీలో చేరాడు. ఆ మాటల పుస్తకం మా ఊరి నుంచి వెళ్ళిన మరో అమ్మాయి చేతికి అందింది. ఆ అమ్మాయి దానికి ఇంకో ఎనభై మాటలు చేర్చిందని విన్నాను.

కనుక పిల్లలూ, మీరు కూడా ఇప్పటినుంచే ఒక మాటల పుస్తకం మొదలుపెట్టండి. ఈ ఏడాది సైన్సు పాఠాల నుంచి వారానికి పది మాటలు చాలు. రేపు కొత్త మడిలో మొదటి రోజుల్లో ఆకు వాడినట్లు అనిపిస్తే, వేరు చచ్చిందనుకోకండి. మూన తిరగడానికి కొంత వ్యవధి కావాలి. మీకంటే ముందు వెళ్ళిన అన్నలకూ అక్కలకూ కూడా అది కావలసి వచ్చింది. మీరు నిలదొక్కుకొన్నాక, మీ వెనక వచ్చినవారికి ఆ సంగతి చెప్పడం మరచిపోకండి.