మైఎస్క్యూఎల్ స్థాపన, భద్రత

మైఎస్క్యూఎల్ ఒక డేటాబేసు నిర్వహణ వ్యవస్థ. ఇది సమాచారాన్ని పట్టికల రూపంలో భద్రపరచి, ఎస్క్యూఎల్ భాషలో అడిగినపుడు తిరిగి అందిస్తుంది. స్వీడన్‌కు చెందిన మైఎస్క్యూఎల్ ఏబీ సంస్థ దీనిని 1995లో మొదటిసారి విడుదల చేసింది. 2008లో ఇది సన్ మైక్రోసిస్టమ్స్‌కు, 2010లో ఒరాకిల్‌కు దక్కింది. వ్యవస్థాపకులలో ఒకడైన మైకేల్ విడేనియస్ 2009లో దీని ఆధారంగా మారియాడీబీని ప్రారంభించాడు. మై, మారియా అనేవి ఆయన కుమార్తెల పేర్లు. వికీపీడియా 2013లో మైఎస్క్యూఎల్ నుండి మారియాడీబీకి మారింది.

దీనిని స్థాపించడం కొద్ది నిమిషాల పని. అయితే సర్వరు పనిచేయడం మొదలైనంత మాత్రాన అది సురక్షితంగా ఉన్నట్లు కాదు.

స్థాపన

లైనక్సులో ప్యాకేజీ మేనేజరు ద్వారా, విండోస్‌లో ఇన్‌స్టాలరు ద్వారా దీనిని స్థాపించవచ్చు. సర్వరు సాధారణంగా 3306వ పోర్టులో వినతులను స్వీకరిస్తుంది. లైనక్సులో దీనిని ఆపరేటింగ్ సిస్టం రూట్ ఖాతాతో కాక, దీనికే కేటాయించిన వేరొక ఖాతాతో నడపాలి. అప్పుడు చొరబాటుదారుడు సర్వరులో ప్రవేశించినా, అతనికి ఆ ఖాతా పరిధి మేరకే హక్కులు లభిస్తాయి.

మొదటి అమరికలు

2015లో వెలువడిన 5.7 సంచికకు ముందు, కొత్తగా స్థాపించిన సర్వరులో సాధారణంగా సంకేతపదం లేని రూట్ ఖాతా, పేరులేని ఖాతాలు, అందరికీ తెరచి ఉండే "టెస్ట్" డేటాబేసు ఉండేవి. వీటిని తొలగించడానికి, రూట్‌కు సంకేతపదం పెట్టడానికి "మైఎస్క్యూఎల్ సెక్యూర్ ఇన్‌స్టలేషన్" అనే ఉపకరణం సర్వరుతో పాటే వస్తుంది. పాత సర్వరును చేపట్టిన నిర్వాహకుడు ముందుగా ఈ మూడింటినీ పరిశీలించాలి.

తెలుగు లిపి

2018లో వచ్చిన 8.0 సంచిక వరకు అప్రమేయ అక్షరసమితి లాటిన్1. అందులో తెలుగు అక్షరాలకు స్థానం లేదు. కఠిన పద్ధతి అమలులో లేని సర్వరులో తెలుగు పాఠ్యం ప్రశ్నార్థకాలుగా మారి నిల్వ అవుతుంది. అలా పోయిన పాఠ్యాన్ని అమరిక మార్చి తిరిగి పొందలేము. 8.0 నుండి యూటీఎఫ్8ఎంబీ4 అప్రమేయంగా ఉంది. పాత డేటాబేసులలో పట్టికలకు, అనుసంధానానికి కూడా దీనిని విడిగా నిర్దేశించాలి.

ప్రవేశ నియంత్రణ

వెబ్‌సైటు, డేటాబేసు ఒకే కంప్యూటరులో ఉంటే, "బైండ్ అడ్రస్" అమరికను 127.0.0.1గా ఉంచాలి. అప్పుడు బయటి కంప్యూటర్లు 3306వ పోర్టును చేరలేవు. దీని అవసరం 2012లో స్పష్టమైంది. ఆ సంవత్సరం బయటపడిన ఒక లోపం వలన, కొన్ని రకాల నిర్మాణాలలో తప్పుడు సంకేతపదం కూడా సగటున 256 ప్రయత్నాలలో ఒకసారి చెల్లేది. వాడుకరి పేరు తెలిస్తే చాలు, సెకనులోపే ప్రవేశించగలిగేవారు. బలమైన సంకేతపదం అక్కడ పనికిరాలేదు. పోర్టు మూసి ఉన్న సర్వర్లకు మాత్రం ఆ దాడి బయటినుండి చేరలేదు.

హక్కులు

వెబ్‌సైటు రూట్ ఖాతాతో డేటాబేసును వాడకూడదు. దానికి వేరే ఖాతా సృష్టించి, తన డేటాబేసులో చదవడానికి, చేర్చడానికి, మార్చడానికి, తొలగించడానికి మాత్రమే హక్కులివ్వాలి. వెబ్‌సైటు కోడులో లోపం ఉన్నా నష్టం ఆ ఒక్క డేటాబేసుకు పరిమితమవుతుంది.

బ్యాకప్

2017లో దుండగులు ఇంటర్నెట్టుకు తెరచి ఉన్న అనేక మాంగోడీబీ, మైఎస్క్యూఎల్ సర్వర్లలోని సమాచారాన్ని తుడిచివేసి, డబ్బు కోరుతూ సందేశాలు వదిలారు. ఇటువంటి సందర్భంలో వేరొక చోట ఉంచిన బ్యాకప్ మాత్రమే ఆదుకుంటుంది. "మైఎస్క్యూఎల్ డంప్" ఉపకరణంతో బ్యాకప్ తీయవచ్చు. ప్రతిరూప సర్వరు బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కాదు. ప్రధాన సర్వరులో పట్టికను తొలగిస్తే, సాధారణంగా కొద్ది క్షణాలలోనే ప్రతిరూపంలో కూడా అది తొలగిపోతుంది. బ్యాకప్‌ను అప్పుడప్పుడు వేరే కంప్యూటరులో పునరుద్ధరించి చూడాలి. అలా చూడని బ్యాకప్ పనిచేస్తుందో లేదో ఆపద వచ్చేవరకు తెలియదు.