సీబీపీలో కనిపించని అంకె

సిద్దిపేటలో ఏ ల్యాబ్‌లో సీబీపీ రక్తపరీక్ష చేయించినా, తెల్లరక్తకణాలు మైక్రోలీటరుకు 4,000 నుంచి 11,000 దాకా ఉంటే మామూలే అంటారు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే 15 వేలో, 20 వేలో అవుతాయి. నయం కాగానే దిగివస్తాయి. అదే లెక్క లక్ష దాటి, ఎడమ డొక్కలో ప్లీహం చేతికి తగిలేంత పెరిగితే డాక్టర్లకు ముందు వచ్చే అనుమానం సీఎంఎల్, అంటే దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా. ఇక హైదరాబాద్ ప్రయాణమే, ఎంఎన్‌జే ఆసుపత్రికో నిమ్స్‌కో. దూరం దాదాపు 100 కిలోమీటర్లు.

ఎముక మజ్జలోని మూలకణం ఏ కణంగా మారాలో, ఎప్పుడు చీలాలో చాలామటుకు బయటి నుంచి అందే సంకేతాలే చెబుతాయి. ఇంటర్‌ల్యూకిన్-7 అనే సంకేతం అందకుంటే టి కణాలు తయారు కావు. థైమస్‌లో నాచ్ సంకేతం అందితేనే కణం టి కణమయ్యే దారి పడుతుంది. ఆ నాచ్ జన్యువే చెడితే? టి కణాల తీవ్ర లుకేమియాలో సగానికి పైగా కేసుల్లో జరిగేది అదేనని 2004లో తేలింది. కణం మీది గ్రాహకం సంకేతం అందుకోగానే లోపల కైనేజ్ ఎంజైములు ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తూ కబురును కేంద్రకం దాకా చేరవేస్తాయి. పనైపోతే ఫాస్ఫేట్ ఊడుతుంది, కబురు ఆగుతుంది.

సీఎంఎల్‌లో ఆగనిది ఏబీఎల్ అనే కైనేజ్. 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నాయని 1973లో షికాగోలో జానెట్ రౌలీ గుర్తించారు. ఆ అతుకు దగ్గర పుట్టేదే బీసీఆర్-ఏబీఎల్ జన్యువు. బోరు మోటారుకు ఆటో స్టార్టర్ బిగించిన రైతుకు ఇది చెప్పనక్కర్లేదు: మడి నిండినా సరే, కరెంటు ఉన్నంతసేపూ మోటారు నడుస్తూనే ఉంటుంది.

ఆ జన్యువు తయారుచేసే ఈ ఆగని ఎంజైములో ఏటీపీ కూర్చునే చోటును ఇమాటినిబ్ మాత్ర ఆక్రమిస్తుంది. ఫాస్ఫేట్ ఇచ్చేది ఏటీపీయే కనుక కబురు కదలదు. 1929లో కండరంలో ఏటీపీని గుర్తించినవారిలో మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. లుకేమియా అనగానే ఆయన మెథోట్రెక్సేట్‌ను తలుచుకుంటాం గానీ, ఈ లంకె అంతగా చెప్పుకోం.

2001లో వెలువడిన ఇమాటినిబ్ తొలి ఫలితాల్లో, రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆపైన వాడిన 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలైంది. మన దేశంలో అసలు కంపెనీ నోవార్టిస్ మందు అప్పట్లో నెలకు లక్ష రూపాయల పైమాటే ఉండేది. హైదరాబాద్ నాట్కో లాంటి సంస్థల జెనరిక్ దాదాపు పది వేలకే దొరికేది. 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ పేటెంటు వాదనను సుప్రీంకోర్టు తోసిపుచ్చడంతో ఆ జెనరిక్ నిలిచింది.

చిక్కల్లా మాత్ర మొదలుపెట్టాకే. కొన్ని వారాల్లోనే సీబీపీ బాగుపడుతుంది, ఒళ్లు తేలికవుతుంది, ‘తగ్గింది కదా’ అని మాత్ర పక్కన పడుతుంది. చూడాల్సిన అంకె వేరే ఉంది: పీసీఆర్ పరీక్షలో తేలే బీసీఆర్-ఏబీఎల్ శాతం. మూడు నెలలకు అది 10కి మించకూడదు, ఏడాదికి 0.1కి దిగాలి. లండన్‌లో 87 మందికి మూత తీసినప్పుడల్లా నమోదు చేసే చిప్ ఉన్న సీసాల్లో మాత్రలిచ్చి చూశారు. 2010లో వచ్చిన ఆ లెక్క ప్రకారం, 90 శాతానికి మించి మాత్రలు వేసుకున్నవారికి ఆరేళ్లలో 0.1 శాతం చేరే అవకాశం 94.5 శాతం. మిగతావారికి 28.4. మాత్రల్లో 90 శాతమంటే నెలకు మూడు రోజులు మానడమే.