ఏలూరు వింత వ్యాధి: లైవ్‌కు అందని కారణం

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోవడం మొదలైంది. నోటి వెంట నురగ, కాసేపు స్పృహ తప్పడం, తేరుకున్నాక తలనొప్పి, వాంతులు. ప్రభుత్వాసుపత్రి కిటకిటలాడింది. కొద్ది రోజుల్లోనే బాధితుల సంఖ్య 600 దాటింది. చాలామంది త్వరగానే కోలుకున్నారు.

లైవ్ వార్తలకు ఇలాంటి ఘటనే కొరకరాని కొయ్య. చూపించడానికి బోలెడు ఉంటుంది, చెప్పడానికి దాదాపు ఏమీ ఉండదు. స్ట్రెచర్లు, అంబులెన్సులు తెర నిండా తిరుగుతుంటాయి. అసలు కారణం మాత్రం ప్రయోగశాలలో తేలాలి. ఏలూరులో సేకరించిన రక్తం, తాగునీరు, ఆహార నమూనాలు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు, ఢిల్లీ ఎయిమ్స్‌కు వెళ్లాయి. ఆలోగా నీళ్లలో క్లోరిన్ ఎక్కువైందని, దోమల మందని, సీసం, నికెల్ అని అనుమానాలు వరుసకట్టాయి. గంట గంటకూ ఏదో ఒకటి కొత్తగా చెప్పాల్సిన చోట అనుమానం స్క్రోలింగ్‌లోకి ఎక్కితే చాలు, సగం నిజమైపోతుంది. దాన్ని కొట్టేసే వివరణకు మాత్రం బ్రేకింగ్ న్యూస్ హోదా దక్కదు.

పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని డిసెంబరు 16న నిపుణులు తేల్చారు. అవి శరీరంలోకి ఎలా చేరాయో తెలియాలంటే ఇంకా లోతైన అధ్యయనం కావాలన్నారు. ఇది నెలల పని, లైవ్‌కు పనికొచ్చే సరుకు కాదు.

లైవ్‌కు హద్దులు అసలే లేవని కాదు. 2008 ముంబయి దాడుల ప్రసారాలపై విమర్శల తర్వాత, ఉగ్రవాద నిరోధక చర్యల లైవ్‌ను 2015లో కేంద్రం నిషేధించింది. నియమిత అధికారి చెప్పినంతే చూపాలి. ఆసుపత్రి వార్డుకు ఆ నిబంధన వర్తించదు.