సూది పట్టే చెయ్యే ముఖ్యం!

అరచేతిని బల్లమీద బోర్లా పెట్టండి. పూర్తిగా ఆనట్లేదా? ఉంగరంవేలో, చిటికెనవేలో లోపలికి వంగిపోయిందా? అయితే అది డుపుట్రెన్స్ కాంట్రాక్చర్ కావచ్చు.

ఉత్తర ఐరోపాలో ఎక్కువగా కనిపించే ఈ సమస్యలో చర్మం కింది పొర తాడులా బిగిసి వేలిని లాగేస్తుంది. పెద్ద కోత లేకుండా సూదిమొనతోనే దాన్ని తెంపే పద్ధతిని 1970ల్లో ఫ్రాన్స్ వైద్యులు వాడుకలోకి తెచ్చారు. మత్తు చర్మానికే. సూది నరానికి తగిలితే రోగి చెప్పగలగాలిగా మరి!

ఆ నరం తాడు పక్కనే ఉంటుంది. అందుకే అనుభవమున్న హ్యాండ్ సర్జన్‌నే వెతుక్కోవాలి. ఎంతమందికి చేశారు, ఎవరికైనా నరం దెబ్బతిందా... మొహమాటపడకుండా అడగాలి. కోత ఆపరేషన్‌కన్నా సూదితో సమస్య తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఆ మాట ముందే చెప్పే డాక్టరైతే నమ్మకంగా చెయ్యి చాపొచ్చు.